గోడకు ఆనిన చెయ్యి

హన్మకొండల ఆ పాటల క్లబ్బు తాళం తీసినంక వాచ్‌మన్ సిద్దిరాములు మొదలు చేసే పని గోడకు అరచెయ్యి ఆనిచ్చుడు. ఒకప్పుడది మరమగ్గాల షెడ్డు. ముప్పై ఏండ్లు ఆ మోతల పనిచేసి చెవులు పోగొట్టుకున్నడు. దగ్గరికొచ్చి గట్టిగ చెప్తేనే వినపడ్తది. మగ్గాలు పాత ఇనుముకు పోయినంక పెండ్లి బ్యాండోళ్లు కొన్నాళ్లు అక్కడ తాలీం చేసిండ్రు. ఆఖరికి కృష్ణమోహన్ సార్ స్టేజీ కట్టి క్లబ్బు చేసిండు. తన భార్య విమలమ్మ నేసిన పాత మందపు నూలు జంపఖానాలు తెచ్చి గోడలకు వేలాడగట్టింది మాత్రం సిద్దిరాములే.

మొన్న ఆయన నెక్కొండ పెండ్లికి పోయిన రోజు, పాతగ కనపడుతున్నయని సార్ వాటిని తీయించి గోడలకు నల్లరంగు వేయించిండు. మర్నాడు రిహార్సల్ల, పాటగత్తె రమ్య పాడిన ప్రతి మాటా తిరిగొచ్చి ఆమె మీదనే పడ్డది. సౌండు మిషను మీద ఎన్ని బటన్లు తిప్పినా అంతే. "వేరే హాలు చూసుకుంటం సార్" అని ఆమె మైకు పెట్టేసింది.

అప్పుడే బస్సు దిగొచ్చిన సిద్దిరాములుకు సార్ చెవిల సంగతి చెప్పిండు. ఆయన సంచి కింద పెట్టి గోడకు చెయ్యి ఆనిచ్చిండు.

"జర మల్ల పాడు బిడ్డా."

ఆమె పాడింది. అరచెయ్యి కింద గోడ సన్నగ వణికింది.

"గోడకు సలి పెడ్తాంది సార్. కప్పుకున్నది గుంజిండ్రు గద."

నిచ్చెనెక్కి జంపఖానాలన్నీ మళ్ల కట్టిండు. రమ్య పాట అందుకున్నది, ఈసారి కండ్లు మూసుకొని. సిద్దిరాములు జంపఖానా కిందికి చెయ్యి పోనిచ్చి తడిమిండు. గోడ నిమ్మలంగ ఉంది.

"ఇప్పుడు మంచిగ పాడుతాంది" అన్నడు, ఆ పాటల ఒక్క ముక్క గూడ వినపడని మనిషి.