సామాన్యుల కుర్చీలో పెంకు విడిచిన పీత

ఆల్వెర్టా ప్రూట్, వయసు అరవై ఆరు సంవత్సరాలు, హాలిస్ దీవి వాస్తవ్యురాలు. దీవి సంఘం తరఫున ఉత్తర ప్రత్యుత్తరాలు రాసిపెట్టే వృద్ధునికి ఈమె ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుక. ఇక్కడ చెప్పవలసినది ఈమెను గురించే. అయితే ఈమె సంగతి చెప్పాలంటే రాష్ట్ర ఆరోగ్య సంరక్షణ కమిషన్‌లో ఆసీనులైన ఏడుగురు పెద్దమనుషుల పూర్వ వృత్తులను గురించి కూడా చెప్పక తప్పదు. ముత్యం చూపించాలంటే ముందు ఆల్చిప్పను విప్పాలి, అందులోని బురద చేతికి అంటినా సరే.

ఆల్వెర్టా పీతలు వలిచే షెడ్డులో చిన్ననాడే చేరింది. ఉడికిన పీతల రాశి ముందు కూర్చుని, పొట్టి కత్తితో వీపు పెంకు ఎత్తి, తెల్లని కండను తీసి గిన్నెలో వేయడం ఆమె పని. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు భక్తిగీతాలు పాడుకుంటూ వలుస్తారు. పాటకు పాటకు నడుమ ఊళ్లో వాళ్లందరినీ కూడా వలిచేస్తారు. ఆమె నోటికి ఆ పదును అక్కడే వచ్చింది. ఆమె భర్త ఎల్వుడ్ చలికాలమంతా ఆల్చిప్పలు, వేసవి అంతా పీతలు పట్టినవాడు. మూత్రపిండాలు రెండూ చెడిపోయిన తరువాత పడవను ఒడ్డుకు ఎక్కించి, వంతెన అవతల ఉన్న బ్రాంటన్ పట్టణపు ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. రబ్బరు బూట్లతోనే వెళ్లేవాడు. అక్కడి నర్సులు అతన్ని కెప్టెన్ అని పిలిచేవారు. దారి అరగంట.

అంతలో ఆ ఆసుపత్రిని నడిపే సంస్థకు బ్రాంటన్‌లో డయాలసిస్ విభాగం దండగ అని తోచింది. దానిని మూసివేసి, రెండున్నర గంటల దూరంలోని నగరానికి తరలించడానికి కమిషన్ అనుమతి కోరింది. ఆ వార్త తెలిసిన నాటి సాయంకాలం ఎల్వుడ్ వల అల్లుకుంటూ తల ఎత్తకుండానే తన తీర్పు చెప్పేశాడు.

"ఆల్వీ, ఆ సిటీకి వారానికి మూడుసార్లు పోయే ఓపిక నాకు లేదే. పోతే ఒక్కసారే పోతాను. అదీ పడుకునే."

"నోరు ముయ్యి. బుట్టలో పడ్డ పీత కూడా నీకంటే నయం, చచ్చేదాకా గిలగిలా కొట్టుకుంటాది."

"కొట్టుకుని ఏం చేసింది? చివరికి నీ బల్ల మీదికే కదా వచ్చింది."

 ఎల్వుడ్ వేళాకోళానికి అన్న మాట ఏదో, నిశ్చయించుకుని అన్న మాట ఏదో ఆమెకు తెలుసు. ఇది రెండోది. విచారణ జరిగే రోజున ఆమె వేయించిన మెత్తపీతను రొట్టెల మధ్య పెట్టుకుని, ఎల్వుడ్ అక్క మేవిస్ ట్రక్కు ఎక్కి రాజధానికి బయలుదేరింది.

ఆ కమిషన్‌కు ఒక ఆచారం ఉంది. విచారణకు ముందు గుమాస్తా లేచి, ఒక్కొక్క సభ్యుని వృత్తి నేపథ్యాన్ని గౌరవంగా చదువుతాడు. ఆ పైన, ఈ వ్యవహారంలో వారికి ఏమైనా సంబంధం ఉన్నదా అని అడుగుతాడు. ఉన్నవారు లేచి, ఉన్నదని ఒప్పుకుని, గది వెలుపలికి వెళ్లిపోతారు. చూడడానికి ఇంతకంటే ధర్మబద్ధమైన ఏర్పాటు మరొకటి లేదు.

మొదట అధ్యక్షులు కారల్ విట్‌లాక్ గారి పేరు చదివారు. ఆరోగ్య రంగంలో వీరికి ముప్పై ఏళ్ల అనుభవం ఉందట. అనుభవమంటే, ఆసుపత్రుల పక్కన కార్లు నిలిపే అంతస్తులు కట్టించడం. రోగి లోపల ఎంత ఎక్కువ కాలం పడి ఉంటే వీరి అంతస్తులు అంతగా నిండుతాయి. నగరంలో కొత్త డయాలసిస్ భవనం గుత్త కూడా వీరిదే గనుక, వారు చిరునవ్వుతో లేచి, కోటు సవరించుకుని వెళ్లిపోయారు.

తరువాత డెనీస్ హార్‌బా గారు. బీమా సంస్థలో ఉపాధ్యక్షురాలు. రోగుల అభ్యర్థనలను తిరస్కరించే విభాగాన్ని ఆమె తీర్చిదిద్దారని గుమాస్తా చదవలేదు. 'రోగుల సేవా విభాగం' అని చదివాడు. ఆమె కూడా లేచారు. ఆమె వెనుకనే ఒక వకీలు లేచాడు. వృద్ధాశ్రమాల్లో పడి తుంటి విరిగిన ముసలివాళ్లు దావా వేస్తే, తుంటి ముందే విరిగి ఉందని వాదించడం ఆయన వృత్తి. అందులో ఆయన ఓడినది అరుదు.

ఇక మిగిలినవారిలో ఒకరు దంతవైద్యులు. రెండవవారు యాజమాన్య శాస్త్రం బోధించే ఆచార్యులు; విచారణ మొదలు కాకముందే వారి గడ్డం రొమ్మును తాకింది. మూడవవారు ఉపాధ్యక్షులు ఆగిల్ గారు. వారి వృత్తి శవసంస్కారాల ఏర్పాట్లు. ఆ విభాగం తెరిచి ఉంచినా, మూసివేసినా తమకు ఎటువంటి తేడా లేదని వారు మనస్సాక్షిగా ప్రకటించి కూర్చుండిపోయారు.

"నిజమే చెప్పాడు మహానుభావుడు," అంది మేవిస్ అందరికీ వినబడేటట్టు. "ఎటు నుంచి వచ్చినా ఆయన గుమ్మంలోకేగా."

ఏడవ కుర్చీ ఒకటుంది. చట్టం ప్రకారం అది సామాన్యుల కుర్చీ. ఆరోగ్య రంగం నుంచి ఆదాయం పొందని పౌరుడు మాత్రమే అందులో కూర్చోవాలి. ఆనాడు అందులో ఉన్నవారు లైల్ స్టాన్స్‌బరీ గారు. ఇరవై రెండేళ్లు అదే ఆసుపత్రి సంస్థకు పత్రికల ముందు మాట్లాడిపెట్టే అధికారి. పదవీ విరమణ చేసిన మరుసటి వసంతానికి సామాన్యులైపోయారు. అయినా సంస్థ నుంచి పింఛను అందుతున్నది గనుక, నిజాయితీకి కట్టుబడి వారు కూడా బయటికి నడిచారు.

గదిలో ముగ్గురు మిగిలారు. విచారణకు నలుగురు ఉండాలి. ఆగిల్ గారు ఎవరి దుఃఖమైనా ఇట్టే ఓదార్చగల ఆ మెత్తని గొంతుతో, కోరం లేదు గనుక విచారణ సాగదని చెప్పారు. నెలాఖరులోగా విచారణ జరగకపోతే నిబంధనల ప్రకారం అనుమతి దానంతటదే లభించినట్టు భావించబడుతుందని కూడా చెప్పారు.

"అంటే ఏంటయ్యా?" ఆల్వెర్టా లేచింది. "వద్దనడానికి నలుగురు కావాలి గానీ, సరేననడానికి ఎవడూ అక్కర్లేదా?"

"నిబంధన అలా ఉందమ్మా."

"మంచి నిబంధన. దొంగలందరూ ధర్మంగా బయటికి పోతే, ఇల్లు దానంతటదే దోచబడుతుందన్న మాట."

ఆగిల్ గారు తల వంచుకున్నారు. వారి వృత్తిలో తల వంచుకోవడం అలవాటే.

వరండాలో కాఫీ యంత్రం దగ్గర నలుగురు నిజాయితీపరులూ గుంపుగా నిలబడి గోల్ఫ్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆల్వెర్టాకు ఆకలి వేసింది. బల్ల మీద కూర్చుని పొట్లం విప్పింది. రొట్టెల అంచుల నుంచి పీత కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. స్టాన్స్‌బరీ గారు అది చూసి ముఖం కొంచెం చిట్లించి, పాత అలవాటు కొద్దీ వెంటనే చిరునవ్వు తెచ్చుకుని దగ్గరికి వచ్చారు.

"మీ బాధ నాకు అర్థమవుతుందమ్మా. నేనూ మీలో ఒకణ్ణే. నాకూ ఆపరేషన్ అయింది, పిత్తాశయం తీసేశారు."

"పాపం. ఎంత దూరం వెళ్లారు బాబూ?"

"మా ఆసుపత్రిలోనే. అంటే... అప్పటి మా ఆసుపత్రిలో."

"వాళ్ల జీతం తిన్నారు, వాళ్ల పింఛను తింటున్నారు. మరి మా కుర్చీలోకి ఎలా వచ్చారు?"

"నేను రిటైర్ అయ్యాను కదమ్మా. ఇప్పుడు నాకు ఆ సంస్థతో ఏ పనీ లేదు."

ఆల్వెర్టా రొట్టె పైకెత్తి ఆయనకు చూపించింది. "దీన్ని చూశారా? పట్టిన రోజు పొద్దున్నే పెంకు విడిచింది. ఒళ్లంతా మెత్తగా, ముట్టుకుంటే వెన్నలా ఉంటాది. కానీ బాబూ, పెంకు విడిచినంత మాత్రాన పీత చేప అయిపోదు. నాలుగు రోజులు నీళ్లలో వదిలేస్తే మళ్లీ అదే పెంకు, అదే కొండి."

మేవిస్ నవ్వు వరండా చివరిదాకా వినిపించింది. "తినెయ్యవే పిల్లా, గట్టిపడకముందే!"

ఆల్వెర్టా కాళ్లతో సహా కొరికింది. అవతల నిలబడిన పత్రికా విలేకరి ఒకడు ఈ మాటలన్నీ విన్నాడు. మరునాడు అవి అచ్చయ్యాయి. రాష్ట్రంలో పీతలు తినేవారు చాలామంది. కాబట్టి అర్థం విడమరచవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఆ వారాంతానికి స్టాన్స్‌బరీ గారు కుటుంబంతో గడపదలచి రాజీనామా చేశారు. వారి కుటుంబం అభిప్రాయం ఏమిటో తెలియదు.

ఆ రాజీనామా వల్ల ఒక మేలు జరిగింది. సామాన్యుల కుర్చీ ఖాళీగా ఉన్నంతకాలం గడువు లెక్కలోకి రాదట. విభాగం ఇంకా మూయలేదు. ఎల్వుడ్ ఇంకా రబ్బరు బూట్లతో బ్రాంటన్ వెళ్లివస్తున్నాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వారే నాలుగవవారు. విచారణ జరగడమో, జరగకుండానే ముగియడమో వారిని బట్టి ఉంటుంది.

ఆల్వెర్టా ఆ స్థానానికి దరఖాస్తు పెట్టుకుంది. నియామకాల కార్యాలయం నుంచి ఒక యువకుడు ఫోను చేసి, ఆరోగ్య రంగంతో తమకు ఏమైనా సంబంధం ఉన్నదా అని అడిగాడు. హాలిస్ దీవి మనుషులకు ఒక లోపం ఉంది: అడిగినదానికి మించి నిజం చెప్పేస్తారు.

"ఎందుకు లేదు నాయనా! మా ఆయన వారానికి మూడు రోజులు వాళ్ల మిషన్‌కే అతుక్కుని ఉంటాడు. నాకంటే దానితోనే కాపురం ఎక్కువ."

సంబంధం ఉన్న కారణంగా దరఖాస్తు పరిశీలనకు అర్హం కాదని పది రోజుల్లో జవాబు వచ్చింది. ఆ స్థానానికి ఇప్పుడు వినిపిస్తున్న పేరు మరొకటి. ఆ పెద్దమనిషి రహదారుల వెంట ప్రకటన బోర్డులు పెట్టే వ్యాపారి. బ్రాంటన్ వంతెన ఎక్కేచోట అదే ఆసుపత్రి సంస్థ కోసం ఆయన ఒక బోర్డు నిలిపాడు. దాని మీద నవ్వుతున్న వృద్ధ దంపతులు ఉన్నారు, కింద 'మీకు ఎల్లప్పుడూ చేరువలో' అని ఉంది. ఆయనకు ఆరోగ్య రంగంతో సంబంధం లేదట, ప్రకటనల రంగంతోనేనట.

జవాబు చదివి వినిపించిన రోజున మేవిస్ నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. ఎల్వుడ్ మాత్రం ఒకటే అన్నాడు. "నావల్లే నీకు కుర్చీ పోయిందే ఆల్వీ."

"నీ మొహం. కుర్చీ వచ్చినా రాకపోయినా సోమవారం నిన్ను ఆ మిషన్ దగ్గర కూర్చోబెట్టేది నేనే. బూట్లు తుడుచుకో."

అతను తుడుచుకున్నాడు. అయితే ఆ మిషన్ బ్రాంటన్‌లో ఉన్నంతకాలమే వెళ్తానని మళ్లీ అన్నాడు. ఆమె ఆ బూట్లు తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టింది.

కావున గౌరవనీయ గవర్నరు గారి నియామకాల కార్యాలయం వారికి హాలిస్ దీవి సంఘం తరఫున మనవి చేయునది: చట్టంలో రాసి ఉన్న మాట 'ఆదాయం', 'సంబంధం' కాదు. పైన పేర్కొన్న ఆల్వెర్టా ప్రూట్ ఆ రంగం నుంచి తన జీవితంలో ఏనాడూ ఏదీ పొందలేదు. ఇస్తూ మాత్రమే ఉన్నది. భర్త రోగం ఆమె లాభం కిందికి రాదు. ఒక మనిషికి జబ్బు చేయడం దోషమనీ, జబ్బుల మీద బతకడం అనుభవమనీ తమ కార్యాలయం నిజంగా భావిస్తున్న పక్షంలో, ఆ మాటను లిఖితపూర్వకంగా తెలియజేయవలసినది. సంఘం తలుపు మీద అంటించుకుంటాము. అలా భావించని పక్షంలో, తిరస్కరణను రద్దు చేసి, ఖాళీగా ఉన్న సామాన్యుల స్థానంలో ఆమెను వెంటనే నియమించి, బ్రాంటన్ డయాలసిస్ విభాగం విచారణకు నాలుగవ సభ్యురాలిగా కూర్చోనివ్వవలసిందిగా వినయపూర్వకంగా ప్రార్థించడమైనది. ఆమె గది వదిలి వెళ్లదు.