బల్లి అనుకున్నాం

మొన్న గురువారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా కోడలు తన ల్యాప్‌టాప్‌ను తిరుపతిలోని ఒక రిపేరు షాపులో ఇచ్చి, చీటీ తీసుకొని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి వచ్చేసింది. షాపతను దాన్ని లోపలి గదిలోకి తీసుకుపోతుంటే, తోడు వెళ్లిన నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నా వయసువాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రేడియో అయినా, గడియారమైనా, మిక్సీ అయినా, రిపేరుకు ఇస్తే ఇంటిమనిషి ఒకరు పక్కనే స్టూలు వేసుకొని కూర్చునేవారు. మూత విప్పింది మొదలు మళ్లీ మరలు బిగించేదాకా, ఆ మెకానిక్‌ది ఏ ఊరో, పిల్లలెందరో అడుగుతూనే, అతని చేతుల మీదినుంచి చూపు తీసేవారు కాదు.

మా ఇంట్లో ఈ కాపలాకు పేరుపడ్డవాడు పలమనేరులో ఉండే మా మేనమామ, అమ్మకు తమ్ముడు. ఒకసారి మిక్సీ మోటారుకు తీగ చుట్టమని ఇచ్చి కాఫీ తాగి వచ్చేలోపు రాగితీగ పోయి అల్యూమినియం వచ్చిందని ఆయన గట్టి నమ్మకం. నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరి వస్తువు పాడైనా ఆయన బస్సెక్కి వచ్చేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో, విడిభాగాలు కలిపి కట్టించిన కంప్యూటరు ఒకటి మా ఇంటికి వచ్చింది. మా నాయన కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో భారతం నాటకాలకు హార్మోనియం వాయించి, వేషగాళ్లకు పద్యాలు నేర్పినవాడు. చూపు మందగించాక నా దగ్గరే ఉండేవాడు. చిన్న మైకు ఒకటి కొని, సాయంత్రాలు ఆయన పాడే పద్యాలను కంప్యూటరులోకి ఎక్కించేవాణ్ణి. ఆ ఏడు వానాకాలంలోనే నాయన పోయాడు. ఆయన గొంతు ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేదు.

కర్మలు ముగిసిన కొన్ని వారాలకు కంప్యూటరు ఉన్న మూలనుంచి టక్కు టక్కుమని ఒక శబ్దం మొదలైంది. అమ్మ అది బల్లి అనుకుంది. మా వైపు మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట సత్యమని వేలితో తడతారు. పరామర్శకు వచ్చిన పొరుగావిడతో, ఆయన బాధపడకుండానే వెళ్లిపోయాడని అమ్మ చెబుతుండగా ఆ శబ్దం వచ్చింది. అమ్మ నేలమీద తట్టి, కొంత ఊరటపడింది. నేనూ బల్లే అనుకొని పెట్టె పక్కరేకు విప్పి టార్చి వేసి చూశాను. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత కంప్యూటరు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టసాగింది, నాయన పద్యం మధ్యలో ఆగి ఆగి వచ్చేది. మొదట సహోద్యోగి ఇచ్చిన ఫ్లాపీలోంచి వైరస్ వచ్చిందని అనుమానించాను. ఆ తర్వాత కరెంటు హెచ్చుతగ్గులను అనుమానించాను. హార్డ్ డిస్కు మీది కాగితం ఒక అంచున గీరినట్టుంటే, పాతదాన్ని కొత్తదని చెప్పి అంటగట్టారని అమ్మినవాణ్ణి అనుమానించాను. చివరికి డిస్కుకు చెవి ఆనించి విన్నప్పుడు శబ్దం ఎక్కడిదో తెలిసింది.

కబురు చేయగానే మామ వచ్చాడు. షాపుకు బయలుదేరేముందే డిస్కు అంచున మేకుతో ఒక గీత గీసి గుర్తు పెట్టుకున్నాడు. అమ్మ కూడా వస్తానంది. ఎందుకని మేము అడగలేదు.

షాపతను డిస్కును తన కంప్యూటరుకు తగిలించి, కాసేపు విని, లోపల చదివే ముల్లు తగులుకుంటోందని, ఇది ఎక్కువ దినాలు రాదని చెప్పాడు. వదిలిపెట్టి వెళితే చల్లార్చుకుంటూ, అందులో ఉన్నవి నిదానంగా తీసిపెడతానన్నాడు. వదిలిపెట్టి వెళ్లమనేసరికి మామ మొహం మారింది. నిజానికి నాకూ నచ్చలేదు. మేం అక్కడే కూర్చుంటామని, చల్లార్చడానికి డిస్కును అట్టతడిక వెనక్కు తీసుకుపోయి తెచ్చినప్పుడల్లా నాయన గొంతు కాసేపు వినిపించాలని, అప్పుడే అది మాదని నమ్ముతానని మామ షరతు పెట్టాడు. మొదటిసారి బాగానే పలికింది. రెండోసారి పద్యం మధ్యలో ఒకే అక్షరం దగ్గర చిక్కుకొని, టక్కు టక్కుమని ఆగిపోయింది.

షాపతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "పెద్దాయనా, మీరు నమ్మేదాకా ఇది బతకదు. ఇనేదా, తీసేదా, ఒకటి చెప్పండి."

"తీసేది నువ్వు. తీసింది మాదేనని ఎట్ల నమ్మేదబ్బా?" అన్నాడు మామ.

వాకిలి పక్క బెంచీ మీద కూర్చున్న అమ్మ అంది: "ఆయన గొంతు ఎత్తుకోని పొయ్యి ఈ అబ్బోడు ఏం జేసుకుంటాడ్రా?"

"నేను జెప్పేది డిస్కు గురించి అక్కా."

"డిస్కు పోతే పోనీ."

అన్నీ రాకపోవచ్చు, ముందు ఏది తీయమంటారని షాపతను అడిగాడు. నేను పద్యాల పేర్లు చెప్పబోతుంటే అమ్మ అడ్డుపడింది. "పద్యాలు ఆ పల్లెల్లో ఎవురో ఒకరు పాడతానే ఉంటారు. మజ్జిగ అడిగింది తియ్యి."

ఒక సాయంత్రం మైకు ఆపడం మరిచిపోయినప్పుడు పడిన మాటలవి. నాయన మజ్జిగ తెమ్మంటాడు, తాగి ఉప్పు లేదంటాడు, అమ్మ వంటింట్లోంచి విసుక్కుంటుంది. అంతే. అమ్మకు అది గుర్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

షాపతను ముందు దాన్నే తీశాడు. ఆ తర్వాత రెండు పద్యాలు వచ్చాయి. సాయంత్రానికి డిస్కు తిరగడం మానేసింది. వచ్చినవాటిని సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. మామ చచ్చిన డిస్కును అడిగి తీసుకొని, గీత ఉందో లేదో చూశాడు. ఉంది. చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. మెట్లు దిగుతూ నాతో మెల్లగా, "మూత మనదే. లోపలిది ఎవురిదో" అన్నాడు. చివరిదాకా ఆయన ఆ మాట మీదే ఉన్నాడు.

అప్పటినుంచి ఏటా నాయన తద్దినం నాడు భోజనాలయ్యాక ఆ సీడీ పెట్టేవాళ్లం. నాయన ఉప్పు లేదనగానే, సీడీలో సన్నగా వినిపించే తన జవాబు రాకముందే, అమ్మ చాప మీద కూర్చొని, వేసినాను, కలుపుకొని తాగమని గట్టిగా అనేది. పిల్లలు నవ్వేవాళ్లు, అమ్మ నవ్వేది కాదు.

ఇప్పుడు ఆ మాటలు మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. ఎవరినీ అనుమానించే పని లేదు, ఎవరి పక్కనా స్టూలు వేసుకొని కూర్చునే పనీ లేదు. అమ్మ పోయిన తర్వాత, తద్దినం నాడు మేము దాన్ని పెట్టడం లేదు.