గంధం పూసిన తాళం

ఆ ఏడు మా శివారు కాలువకి నీళ్ళు ఎందుకు రాలేదని ఎవరినడిగినా గంధం కథే చెబుతారు. దసరాకి ఆఫీసు ఊడ్చే ఆవిడ కంప్యూటర్ తాళానికి గంధం పూసిందట, తాళం చచ్చిపోయిందట, గేటు తెరుచుకోలేదట. టీ కొట్ల దగ్గర నవ్వుకుంటూ చెప్పుకునే కథ అది. మా ఆఫీసు రిపోర్టులోనూ ఇంచుమించు అదే ఉంది. ఆ రిపోర్టు రాసింది నేనే. అందులో గంధం ఉంది, కుంకుమ ఉంది, ఆవిడ ఉంది. నేను మాత్రం లేను.

నేను నీటిపారుదల శాఖలో డీఈని, కింద ఏఈ ఇంజనీర్లు, పైన ఈఈ గారు. ఒక బ్రాంచి కాలువా, దాని తల దగ్గరున్న గేట్లూ నా కింద ఉండేవి. మా అక్కని ఆ కాలువ చిట్టచివరి ఊళ్ళోనే ఇచ్చారు. బావ అక్కడ కౌలుకి వరి చేసేవాడు. శివారు చేలకి నీళ్ళు అందరి తరవాత వస్తాయి, అందరికంటే ముందు పోతాయి. చుట్టూ అప్పటికే రొయ్యల చెరువులు తవ్వేశారు. మిగిలిన వరి చేలలో బావ కౌలు చేలు కొన్ని. భూమిగలాయన ఆ వేసవిలోనే చెప్పేశాడు: "ఈ వానాకాలం సార్వా పండిందా సరే. పండకపోతే చెరువుకిచ్చేస్తానయ్యా. నన్నేమీ అనుకోవద్దు." ఒకసారి ఉప్పునీళ్ళు పెట్టిన నేలలో మళ్ళీ వరి పండదని ఆయనకీ తెలుసు, బావకీ తెలుసు. నాకూ తెలుసు.

అంతకు కొన్నేళ్ళ ముందు సంగతి చెప్పాలి. గేట్లన్నీ ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ మీద నడపాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. మాతో పనిచేసే ఒక ఏఈ, భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లిద్దరిని కలుపుకుని, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ముక్కలు చేర్చి ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. ఒక గేటు మీద పెట్టి చూపించాడు కూడా. బాగానే నడిచింది. దాన్నీ, ఒక పెద్ద కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్‌నీ పోల్చి చెప్పమని వేసిన కమిటీలో నేనున్నాను.

"దీంట్లో దాపరికం లేదండి," అన్నాడతను. "రేపు నేను బదిలీ అయిపోయినా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగు చేసుకోవచ్చు."

"ఎవరైనా విప్పి చూసేస్తే ఇంక గేట్లకి భద్రత ఏంటండీ?" అన్నాను నేను. ప్రశ్న బాగా వేశాననుకుని పక్కవాళ్ళ మొహాలు చూశాను.

"తాళం ఎలా చేస్తారో ఊరంతా తెలిసినా మీ ఇంటి తాళంచెవి మీ జేబులోనే ఉంటుంది కదండీ."

అందరూ నవ్వారు. ఈఈ గారు కూడా నవ్వి, "అదంతా సరేనండి, ఊరికే వచ్చినదానికి రేపు ఏదైనా అయితే ఎవరి చొక్కా పట్టుకుంటాం?" అన్నారు.

నాకు కావలసిన మాట అదే. కంపెనీ వాళ్ళ దగ్గర టీ తప్ప నేనేమీ పుచ్చుకోలేదు. పుచ్చుకుని ఉంటే చెప్పుకోవడం ఇంకా సులువుగా ఉండేది. నాకున్నది భయం. ఏదైనా జరిగితే నన్ను కాకుండా వేలెత్తి చూపించడానికి వేరే ఎవరో ఒకరు కావాలి. ప్రజలందరూ చూడగల ప్రోగ్రాం ప్రభుత్వ గేట్లకి క్షేమం కాదనీ, బాధ్యత వహించే కంపెనీ ఉండాలనీ నోట్ రాశాను. నా నోటే నెగ్గింది. ఆ ఏఈ రాజమండ్రి బదిలీ అయిపోయాడు.

కంపెనీ మనుషులొచ్చి గేట్లకి మోటార్లు, ప్యానెళ్ళు బిగించారు. చేత్తో తిప్పే గేరుకి ఒక ఇనప పెట్టె తొడిగి, దానికి సీలు వేశారు. సీలు ఊడితే వారంటీ పోతుందని కాగితం మీద రాయించుకున్నారు. ఆ కాగితం మీద సంతకం కూడా నాదే. ఇంక సాఫ్ట్‌వేర్ తెరవాలంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న తాళం ఒకటి ఇచ్చారు, పెన్‌డ్రైవ్ లాంటిది. అది లేకపోతే తెర మీద కంపెనీ బొమ్మ తప్ప ఏమీ రాదు.

ఆ ఏడు వానలు సరిగా లేవు. మామూలుగా రెండో పంట దాళ్వాకి పెట్టే నీటి వంతులు సార్వాలోనే పెట్టాల్సి వచ్చింది. మా కాలువ గేటు దింపి పక్క కాలువకి వదిలాం. దసరా వెళ్ళగానే మా వంతు.

దసరాకి మా ఆఫీసులో ఆయుధపూజ గట్టిగా చేస్తాం. ఆ రోజు యంత్రాలకి విశ్రాంతి. కంప్యూటర్లన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. జీపు, టేపు, లెవెలింగ్ యంత్రం, అన్నీ వరసగా పెట్టి ఉంటే, ఆ ఆఫీసు ఊడ్చే ఆవిడ గంధం గిన్నె పట్టుకుని బొట్లు పెట్టుకుంటూ వస్తోంది. నేను కంప్యూటర్‌లోంచి తాళం ఊడదీసి, దాని మూత కూడా పెట్టకుండా, తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టాను.

"ఇదేంటండీ, పిల్లలు ఊదుకునే ఈలలా ఉంది. దీనిక్కూడా పెట్టమంటారా?"

"పెట్టమ్మా. కాలువంతా దాని చేతిలోనే ఉంది. ముందు దానికే పెట్టాలి."

"అయితే నిండుగా పెడతానండి," అని మూడువేళ్ళతో గంధం తీసి నిండుగానే పెట్టింది. దాని మీద కుంకుమ. నేను పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

పండగ వెళ్ళాక తాళం గుచ్చితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు. స్పిరిట్ పెట్టి తుడిచాం, బ్రష్‌తో గీకాం, ఎండలో పెట్టాం. గంధం దాని సందుల్లోకి దిగి గట్టిపడిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వచ్చింది, తరవాత ఒకమ్మాయి వచ్చింది.

"సర్, కీ ఎలా డ్యామేజ్ అయింది?"

"పూజ చేశామమ్మా."

"సర్?"

"పూజ. దసరా పూజ."

కీబోర్డు టకటకలు వినపడ్డాయి. "అది వారంటీ కిందికి రాదు సర్. కొత్త కీకి హెడ్డాఫీస్ అప్రూవల్ కావాలి. ఇప్పుడు ఫెస్టివల్ హాలిడేస్ కదా సర్."

సిగ్గు విడిచి రాజమండ్రిలో ఉన్న ఆ ఏఈకి ఫోన్ చేశాను. అతను ఒక్క దెప్పుమాట అనలేదు. "నా ప్రోగ్రాం ఇప్పుడే పంపిస్తానండి, కానీ దాంతో పని జరగదు. ఆ ప్యానెల్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ మాటే వింటుంది. ఆ మాటలేంటో వాళ్ళు ఎవరికీ చెప్పరు. చేతి గేరు తిప్పించెయ్యండి, ఆలోచించకండి," అన్నాడు.

ఆలోచించాను. చేతి గేరుకి సీలుంది. సీలు తియ్యడానికి అనుమతి కావాలని పైకి రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. ఈలోగా శివారున చేలు పొట్ట మీదికొచ్చాయి. కంకి బయటికొచ్చే ఆ సమయంలో మడిలో నీళ్ళుండాలి. అక్క రోజూ ఫోన్ చేసేది. నీళ్ళొస్తే అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుంటానని మొక్కుకుందట.

ఒక మధ్యాహ్నం బావ మోటార్‌సైకిల్ మీద నేరుగా గేటు దగ్గరికే వచ్చాడు. నేనూ, గేట్లు చూసే లస్కరూ అక్కడే ఉన్నాం. మాకు ఎగువన నీళ్ళు నిండుగా తొణుకుతున్నాయి. దిగువన బురద బీటలు వారుతోంది. మధ్యలో ఒక్క ఇనప రేకు.

"ఏరా బావమరిదీ, మీ తాళానికి అభిషేకం ఘనంగా జరిగిందటగా? తీర్థం ఎప్పుడు పోస్తారు మా చేలో?"

"రెండ్రోజులు ఓపిక పట్టు బావా, పైనుంచి కాగితం రావాలి."

"కాగితం తడిపి పిండితే నీళ్ళొస్తాయేంటి?" అని, ట్రాక్టర్ సామాన్లలోంచి తెచ్చిన పెద్ద స్పానర్ సంచిలోంచి తీశాడు. లస్కరు నా మొహం చూశాడు. నేను ఈఈ గారికి ఫోన్ చేశాను.

"అక్కడున్నది మీరు. మీకు తెలియనిదేముందండీ, మీరే చూసుకోండి," అన్నారాయన.

"రాసిస్తారా సార్?"

"రాయడం ఎందుకండీ అన్నిటికీ," అని పెట్టేశారు.

నేను చూసుకోవచ్చు. ఆయన వద్దనలేదు. సీలంటే వేలెడు సీసం ముక్క, వైరు. బావకి నా సంగతి అర్థమైపోయింది.

"నువ్వు అటు తిరిగి నిలబడరా, చాలు. నేనే పగలగొట్టానని రాసుకో."

"కేసవుతుంది బావా."

"అవనీ. నాకు బెయిలొస్తుంది. చేనుకి రాదు."

అతను సీలు మీద స్పానర్ ఆనించాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. పెనుగులాటేమీ లేదు. నా కంటే బలమైనవాడు, కానీ వదిలేశాడు. తన భార్య తమ్ముడి మీద చెయ్యి చేసుకోలేక వదిలేశాడనుకుంటాను. స్పానర్ తీసుకుని జీపులో పడేశాను. నా ఉద్యోగం, వారంటీ, నేను రాసిన నోట్, అన్నీ నిలబడ్డాయి. ఆ గేటు దిగువన కాలువ అలాగే ఉంది.

ఈ గేటు దగ్గరి ముక్క ఏ రిపోర్టులోనూ లేదు. ఇది చెప్పడానికే ఇదంతా రాశాను. తాళం పాడవడం పొరపాటు, ఎవరికైనా జరగొచ్చు. స్పానర్ లాక్కోవడం పొరపాటు కాదు.

కాగితం వచ్చింది చివరికి. సీలు తీసి లస్కరు గేరు తిప్పుతుంటే నీళ్ళు నురగలు కక్కుకుంటూ దూకాయి. చివరి ఊరికి చేరేసరికి బావ చేలో కంకులు తెల్లబడి ఉన్నాయి. కోతల ముందు వెళ్ళి చూశాను. గింజ పట్టిన చేను తలొంచుకుని ఉంటుంది. ఆ చేను నిటారుగా నిలబడి ఉంది. గాలొస్తే సవ్వడి కూడా వేరేగా ఉంది. చేతిలో నలిపితే అంతా తాలే.

అక్క అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చింది. "నీళ్ళొస్తే అన్నాను గదరా, వచ్చాయిగా," అని ప్రసాదం నా చేతిలో పెట్టింది. దాన్ని తినలేక, పారెయ్యలేక, ఆఫీసుకి తీసుకెళ్ళి అందరికీ పంచాను. ఆ ఊడ్చే ఆవిడకి ఇవ్వబోతే రెండు చేతులూ చాపి కళ్ళకద్దుకుని తీసుకుంది. నా రిపోర్టు మీద ఆవిణ్ణి పనిలోంచి తీసేసిన రోజు అదే. ఆ సంగతి అప్పటికి ఆవిడకి ఇంకా తెలియదు. నాకు తెలుసు.

తరవాత, గంధం పెట్టమన్నది నేనేనని రాసి పైకి పంపాను. ఫైలు ముగిసిపోయిందన్నారు. ఆవిడ ఇంటికి వెళ్ళి, మళ్ళీ పనికి రమ్మనడానికి నా చేతిలో ఏమీ లేదని చెప్పి, క్షమించమన్నాను. "మీరు పెట్టమన్నారని నేనెవరితోనూ అనలేదండి," అంది. అది ఇంకా ఘోరంగా తగిలింది.

భూమిగలాయన మాట తప్పలేదు. వేసవిలో పొక్లెయిన్లు వచ్చాయి. ఇప్పుడక్కడ చెరువు. బావ ఆ గట్టు మీదే కాపలా ఉంటున్నాడు, రొయ్యలకి మేత వేస్తూ. మొన్న వెళ్ళాను, ఇన్నాళ్ళూ జీపులోనే ఉండిపోయిన స్పానర్ పట్టుకుని. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే మాటలు గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది. బావ స్పానర్ తీసుకుని ఒక ఏరేటర్ బోల్టుకి పెట్టి చూశాడు. పట్టలేదు. గట్టు మీద పెట్టేశాడు.

"కొత్త తాళం వచ్చిందటరా?"

"వచ్చింది బావా."

"గేటు బాగా లేస్తోందా?"

"లేస్తోంది."

"మంచిది," అని మేత గిన్నె తీసుకుని గట్టు మీద అటు నడిచాడు. కాలువ నిండా నీళ్ళున్నాయి. అతను కాపలా కాసే చెరువులోకి మాత్రం బోరు ఉప్పునీళ్ళే వస్తున్నాయి.