పాదాల కింద సంచి

డెబ్బైల నాటి మాట. కూచిపూడి వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న బస్‌స్టాండులో కూర్చున్నాను. అక్కడి సిమెంటు బెంచీలకు డ్రాయింగు గీసింది నేనే. పరాయిదేశపు పుస్తకంలో మనిషి మోకాలి ఎత్తు ఎంతని రాసి ఉంటే అంతే ఎత్తు పెట్టాను.

పక్కనే ఒక ముసలి వడ్రంగి, ఆయన భార్య కూర్చున్నారు. ఆవిడ వాచిన కాళ్ళు నేలకందక వేలాడుతున్నాయి. ఆయన తన పనిముట్ల సంచిని వాటి కింద పెట్టాడు.

"వద్దయ్యా, పూజచేసే పనిముట్లు! కాలు తగలకూడదు" అందావిడ.

"పెట్టవే. ఆ పాపం ఈ బెంచీ చేయించినోడిదే" అని ఆయన నావైపు తిరిగాడు. "చూడండి బాబూ, రైతును ఎదురుగా నిలబెట్టి, ఆయన ఎత్తు చూసుకునిగానీ మేం నాగలికి చేత్తో పట్టుకునే మేడి పెట్టం. ఈ వెధవ ఎవర్ని నిలబెట్టి కొలిచాడంటారు?"

"ఎవర్నీ కొలిచుండడండీ. దరిద్రపు బెంచీ" అన్నాను. ఆ వెధవ నేనేనని చెప్పలేదు.

బస్సు రాగానే ఆయన సంచి తీసి కళ్ళకద్దుకున్నాడు. నా జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు నేను కూర్చున్నది బెంచీ అంచున. వెనక్కి జరిగితే నా కాళ్ళు కూడా నేలకు అందవు.