మా అక్క పేరు రాసిన చీటీ

లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న గల్లీలో, నా చిన్నప్పుడు, వినాయక చవితి పందిట్లో పిల్లలకు పాటల పోటీ పెట్టేవారు... ఆదివారం మధ్యాహ్నం జంపఖానాలు పరిచి జనాన్ని కూర్చోబెట్టేవారు. జడ్జీలు లేరు. విన్నవాళ్ళు చీటీ మీద ఒక పేరు రాసి స్టీలు డబ్బాలో వేయాలి. పాడిన పిల్లలకు మాత్రం ఓటు లేదు.

ఏటా బహుమతి ఏ టిఫిన్ డబ్బానో, గ్లాసుల సెట్టో. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు మాత్రం వేరు... వెనక గల్లీలో ఉండే సంగీతం టీచరమ్మ, గెలిచిన పిల్లకు ఏడాదిపాటు ఊరికే నేర్పిస్తానన్నారు. మోకాళ్ళ నొప్పులతో బడి మానేసిన మనిషి. అందుకని ఒక్కరికే అని ముందే చెప్పేశారు.

ఎనిమిది మంది పాడారు. అందులో మా అక్క పద్మ ఒకతి. ఇంకొకతి అనసూయ... గల్లీ చివర బర్రెల కొట్టం వాళ్ళది. పొద్దున్నే వాళ్ళింటికి పాలకు పోతే కుడితి కలుపుతూ పాడుతుండేది. నేను గిన్నె నిండినా అక్కడే నిలబడేదాన్ని. టీచరమ్మ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. గెలిస్తే పొద్దుటి పని ముందే ముగించుకుని పోతానని వాళ్ళమ్మను కూడా ఒప్పించుకుంది.

అక్క మొదటి చరణం బాగానే పాడింది. రెండోది మర్చిపోయింది... మళ్ళీ మొదటి చరణమే పాడి దిగిపోయింది.

ఆ తర్వాత అనసూయ పాడింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాట. పందిట్లో చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. పక్కన మా నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది... నేను చూశాను.

చీటీలు పంచారు. అమ్మ మా వరసలో అందరికీ వినపడేలా, మన పద్మ పేరు మర్చిపోకండి అంది. అనసూయ వాళ్ళ నాన్నకు అది పాలు పిండే వేళ. ఆ ఇంటి నుంచి వచ్చింది వాళ్ళమ్మ ఒక్కతే.

నేను పెన్సిల్ పట్టుకుని కాసేపు ఆలోచించాను. అబద్ధం ఎందుకు... ఆ చీటీ మీద ముందు 'అ' అని రాశాను. అమ్మ నా వైపు చూసింది. 'అ'ను కొట్టేసి 'పద్మ' అని రాశాను.

అక్క మూడు ఓట్ల తేడాతో గెలిచింది. మా ఇంటి నుంచే నాలుగు చీటీలు... అమ్మ, బాపు, నాయనమ్మ, నేను. మాలో ఇద్దరం విన్నది విన్నట్టు రాసినా అనసూయే గెలిచేది.

ఇంటికొచ్చాక అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నువ్వెవరి పేరు రాసినవ్?"

"నీదే."

"ఎవరు మంచిగ పాడిన్రు?"

"అనసూయ."

"గట్లయితే మాతోని పాడిపిచ్చుడెందుకు? ఏ ఇంట్ల ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టుకుంటే అయిపోవు గద."

తెల్లారి అక్కే టీచరమ్మ దగ్గరికి పోయి, తన బదులు అనసూయకు నేర్పమంది. బస్తీ అంతా కలిసి చెప్పిన మాట తాను మారిస్తే లొల్లి అవుతుందని ఆవిడ ఒప్పుకోలేదు. అమ్మ కూడా కోప్పడింది. అక్క మూడు నెలలు పోయింది... మనసులేని పని. ఆ తర్వాత టీచరమ్మే విసిగి మాన్పించారు.

అప్పుడు ఆవిడ, మోకాళ్ళ నొప్పులతోనే అనసూయ ఇంటికి నడిచి వచ్చారు. నేను పాలగిన్నెతో అక్కడే ఉన్నాను. రేపటి నుంచి రమ్మంటే అనసూయ తల అడ్డంగా ఊపింది.

"వద్దు టీచరమ్మా. నేను మంచిగ పాడలేదని గల్లీ అంత రాసిన్రు గద."

ఆ పిల్ల ఆ చీటీలను నమ్మింది... మేం పాట విని రాశామనుకుంది. టీచరమ్మ ఎంత నచ్చజెప్పినా వినలేదు. అబద్ధం రాసినదాన్ని నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచి చెప్పలేదు. ఆ తర్వాత పాలకు పోయినప్పుడు ఏనాడూ ఆమె పాట వినపడలేదు. రెండేళ్ళకు కొట్టం అమ్ముకుని కిషన్‌బాగ్ వైపు వెళ్ళిపోయారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన వారం మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళ పాప ఏదో పాటల పోటీలో ఉందట, లింక్ పంపాను ఓటెయ్యమన్నాడు. మిగతా పిల్లల పాటలు విన్నావా అని అడిగాను.

"గవన్ని ఎందుకక్కా, మన పాప గద."

కూర్చుని పదకొండు పాటలూ విన్నాను. ఫలక్‌నుమా నుంచి ఒక అమ్మాయి, వంటింట్లో నిలబడి పాడింది. మధ్యలో కుక్కర్ కూత కూడా ఉంది. అయినా గొంతు ఎక్కడా చెదరలేదు. ఆమెకే ఓటేశాను. నీ పాటే నాకు అన్నిటికన్నా నచ్చిందని కింద రాశాను కూడా. ఆ మాట తమ్ముడికీ చెప్పాను... అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మా కుటుంబం గ్రూపులో నేను పరాయిదాన్నైపోయాను. మా పాపే గెలిచింది. నూట యాభై మంది చుట్టాలం మరి... ఆ ఫలక్‌నుమా పిల్లకు ఇరవై ఓట్లు కూడా రాలేదు.

నాకు ఒళ్ళు మండేది ఆ పిల్ల ఓడిపోయినందుకు కాదు. ఆ పిల్లలు ఆ అంకె చూసి తమ గొంతు గురించి ఏమనుకుంటారో మనకు పట్టదు... అందుకు.

మా గల్లీలో మేం చేసింది తప్పే. కానీ ఆ రోజుల్లో తప్పు ఓటు వేయాలన్నా, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఎనిమిది పాటలూ వినాల్సి వచ్చేది... ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు.

మీలో ఎవరైనా, సొంతవాళ్ళు పోటీలో ఉండగా వేరే పిల్లకు ఓటేశారా? వేస్తే మీ ఇంట్లో ఏమన్నారో కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలనుంది.