రెండో ట్యూబు రక్తం

కటింగ్ మాస్టారి చెయ్యి అంటే చెయ్యే. గుడ్డ మీద సుద్దతో గీత గీశాడంటే మళ్ళీ చెరిపే పని ఉండదు. అతని అక్క మొగుడు, బావ నడిపే టైలరింగ్ షాపు నాలుగు కాలాలపాటు నిలబడిందంటే ఆ చేతి చలవే. ఏ మాటకామాట చెప్పుకోవాలి, బావ కూడా ఆ సంగతి నలుగురిలో ఒప్పుకునేవాడు.

మాస్టారికి జబ్బుంది. కొన్నాళ్ళు నిద్రాహారాలు లేకుండా హుషారుగా తిరుగుతాడు, కొన్నాళ్ళు మంచం దిగడు. మందులు వాడతాడు. మందు ఒంట్లో ఎంత ఉందో చూడ్డానికి అప్పుడప్పుడూ రక్తం తీయాలి. తీసేది సొంత అక్కే, ఆసుపత్రి ల్యాబులో ఆమె పనే అది. చచ్చిపోవాలనిపించిన రోజుల్లో ఆ మాట అమ్మకు చెప్పలేదు, బావకు చెప్పలేదు, అక్కకే చెప్పాడు. ఆమె వెంటనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి పక్కనే కూర్చునేది. అంత నమ్మకం!

ఈసారి ఒక ట్యూబు నిండాక అక్క రెండోది తగిలించింది.

"ఇదెందుకక్కా?"

"షుగర్ కూడా చూద్దాంరా. కదలకు."

"నా రక్తం తోడి అమ్ముకుంటావా ఏంటి?"

"నీ రక్తం ఎవడు కొంటాడ్రా? సగం టీయే!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

కొద్ది రోజులకే ఇంట్లో వరస మారింది. అమ్మ అతని గది గడియ ఊడదీయించింది. మందుల డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. షాపుకెళితే అతని కత్తెర లేదు. బల్ల ముందు బావ నిలబడి, ఎవరిదో ఖరీదైన చొక్కా గుడ్డను ఎడాపెడా కోసి పారేస్తున్నాడు.

"కొన్నాళ్ళు కాజాలు, గుండీలు చూసుకో బామ్మర్దీ. రెస్టు తీసుకున్నట్టుంటుంది."

"నాకేమైంది బావా?"

"అబ్బే, ఏం లేదు, ఏం లేదు."

బావ కడుపులో మాట దాగదు. గట్టిగా నిలదీసేసరికి కక్కేశాడు.

"ల్యాబులో ఏదో పరిశోధనట. నీలాంటి జబ్బున్నవాళ్ళలో ప్రాణం తీసుకునేదెవరో రక్తంలో ముందే తెలుస్తుందేమోనని చూస్తున్నారట. నీది ప్రమాదం ఎక్కువున్న వాళ్ళలో పడిందట. మీ అక్క ఒకటే ఏడుపు."

రెండో ట్యూబు! అతనికి ఒళ్ళు మండిపోయింది. కుడుతున్న కాజా అక్కడే వదిలేసి సరాసరి అక్క ఇంటికెళ్ళాడు.

"పరిశోధనకు ఒప్పుకున్నట్టు నా సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే. అడిగితే నువ్వు కాదంటావని..."

"ఫలితం నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పేర్లుండవు, నంబర్లే. నీ నంబరు తెలుసు కదా, ఆగలేక చూసేశాను. భయమేసిందిరా. అడిగితే దాస్తావేమోనని..."

"నీ దగ్గర దాచానా? ఎప్పుడైనా దాచానా అక్కా?"

అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ కడుపు చించుకుని చెప్పుకున్నదంతా గాలికి పోయి, ట్యూబులో ఉన్నదే నిజమైపోయింది. పైగా ఆ సంగతి ఇల్లంతా పంచిపెట్టింది. ఎక్కడైనా ఉందా ఈ అన్యాయం!

మర్నాడు ఇద్దరూ డాక్టరు ముందు కూర్చున్నారు. విషయం విని డాక్టరు అక్కను చెడామడా తిట్టాడు.

"అది ఎంతోమందిని కలిపి చూసే లెక్కమ్మా. ఇంకా తేలని విషయం. ఒక్క మనిషి ఏం చేస్తాడో దాన్నిబట్టి చెప్పలేం. మనిషిని అడగాలి." అతని వైపు తిరిగాడు. "చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?"

అక్క అలవాటుగా కుర్చీ తమ్ముడి దగ్గరికి జరుపుకుంది.

"చెప్తానండీ. ముందు ఆవిణ్ణి బయటికి వెళ్ళమనండి."

ఆ 'ఆవిడ' తనేనని అక్కకు వెంటనే తట్టలేదు. తెలిశాక లేచి, "ఒరేయ్ నాన్నా..." అంది. అతను తల తిప్పలేదు. ఆమె వెళ్ళాక తలుపు మూసుకునేదాకా ఆగాడు.

"వస్తున్నాయండీ," అన్నాడు. "నిన్నటి నుంచి."