పాతరలోకి దించిన కందిలి

ఈ ఉదయం ఆరుంబావుకు మా కోడలు పాత జొన్నల డబ్బా మూత తీసింది. మగ్గిన వాసన గదంతా కమ్ముకుంది. సుగుణమ్మ టీచర్ పోయి నేటికి పదకొండు రోజులు.

లక్సెట్టిపేట దగ్గర మా ఊరి మిషన్ బడిలో నేను ఆమె కింద కొత్తగా చేరిన పంతులును. అప్పట్లో జొన్నలను పాతరలో దాచేవాళ్లం. పాతరంటే మనిషి పట్టేంత మూతితో నేలలో తవ్విన లోతైన గుంత. ఆమె మా ఊరికి రాకముందు ఏడు, మా పాతరలో గింజలు తీయడానికి దిగిన మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, అందులోనే పోయాడు. తాడుతో పైకి లాగి చూస్తే ఒంటి మీద గాయం లేదు. ఆకలితో చచ్చిన ముసలిదొకతి లోపల కూర్చుందని ఊరంతా అన్నది. పాతర మూసేశారు. మరుసటి ఏడు పంట పోయింది. ఇంట్లో తిండికి ఆ జొన్నలు తప్ప వేరేవి లేవు. మూత తెరిచి, మా బాపు రాజన్న నడుముకు తాడు కట్టుకున్నాడు.

"జర ఆగు, రాజన్నా," అన్నారు నా వెంట వచ్చిన టీచర్. "తెలిసిందేంది, అనుకున్నదేంది? రెండూ వేరుజేసి చెప్పు."

"తెలిసిందేముంది టీచరమ్మా? దిగినోడు సచ్చిండు."

"అంచుకు వంగి పిలిచినోళ్లు?"

"వాళ్లకేం కాలే."

"అంటే పైన లేనిదేదో కింద ఉన్నది. మనకు తెలిసింది గంతే. ముసలిది అనుకున్నది."

ఆమె మా ఇంటి కందిలి వెలిగించి తాడుతో దించారు. రెండు మూరలు దిగాక అద్దంలో మంట చిన్నదై, ఆరిపోయింది. గాలి వీయలేదు. చప్పుడూ లేదు.

"ఊదింది," అన్నారు వెనక ఎవరో.

"అద్దంలకెల్లి ఎట్లూదిందే?" అన్నారామె, తల తిప్పకుండానే. తాడుకు ముడి వేసి మళ్లీ దించారు. అదే ముడి దగ్గర ఆరింది. మూడోసారీ అక్కడే. మొదటిసారికంటే మూడోసారి నాకు ఎక్కువ భయమేసింది. కనిపించనిదేదో బావిలో నీళ్లలా సమంగా నిలిచి ఉంది.

"దీపానికేం గావాలె?" అని నన్నడిగారు.

నూనె ఉంది, వత్తి ఉంది. "గాలి," అన్నాను.

"మనిషికి?"

బాపు నడుము తాడు విప్పుకున్నాడు.

లోపలి చెడుగాలి బయటికి పోవాలని ఆ రోజంతా గొంగడిని తాడుకు కట్టి పాతరలో పైకీ కిందికీ ఆడించాం. మర్నాడు కందిలి అడుగుదాకా వెలిగింది. అప్పుడే బాపును దిగనిచ్చారు, మాట ఆపొద్దన్న షరతు మీద. "మీ టీచరమ్మ నన్ను పండుకోనియ్యదు, నోరు మూయనియ్యదు," అని నేల కింది నుంచి తిడుతూనే గంపలు నింపాడు.

అంతా అయ్యాక పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ, వచ్చి కందిలి పక్కన కూర్చుంది.

"పోయినేడు గూడ గీ కందిలి మా ఇంట్లనే ఉండె, టీచరమ్మా."

టీచర్ పొద్దుగూకేదాకా ఆమె పక్కనే కూర్చున్నారు.

ఏ చిక్కు వచ్చినా చూసిందీ అనుకున్నదీ వేరు చేయడం నాకు అక్కడే అబ్బింది. ఆ తర్వాత మా ఊళ్లో ప్రతి పాతరలో మనిషికన్నా ముందు దీపం దిగింది. ఇప్పుడు పాతరలు ఎవరూ తవ్వడం లేదు.